నైరోబీ బస్తీ బడిలో వలంటీరుగా పనిచేయాలంటే

కెన్యా రాజధాని నైరోబీలో కిబెరా, మథారె, ముకురు పేరున్న పెద్ద బస్తీలు. వీటిలో వలంటీర్లు ఎక్కువగా వెళ్లేది కిబెరాకు. నగరం నడిబొడ్డుకు ఐదారు కిలోమీటర్ల దూరంలో, నైరుతి దిక్కున ఉంటుంది. 'పది లక్షల మంది ఉండే ఆఫ్రికాలోకెల్లా పెద్ద మురికివాడ' అని చాలా సంస్థలు తమ ప్రకటనల్లో రాసుకుంటాయి. 2009 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది సుమారు 1,70,000 మంది. చందాల కోసం ఇంత తేలిగ్గా అంకెలు పెంచే సంస్థ పిల్లల సంఖ్య, ఖర్చుల లెక్క దగ్గర మాత్రం ఖచ్చితంగా ఉంటుందని నమ్మకండి.

కెన్యాలో ప్రాథమిక విద్య 2003 నుంచి ఉచితం. అయితే ప్రభుత్వ బడులు బస్తీ అంచుల్లో ఉంటాయి, ఒక్కో తరగతి కిక్కిరిసి ఉంటుంది. అందుకే లోపలి ఇరుకు సందుల్లో స్థానికులు, చర్చిలు, చిన్న సంఘాలు నడిపే బడులు పుట్టుకొచ్చాయి. వీటిని అక్కడ ఏపీబెట్ బడులంటారు. రేకుల గోడలు, రేకుల కప్పు, తల్లిదండ్రులు విడతలుగా కట్టే చిన్న ఫీజు, ఆ ఫీజు వస్తేనే జీతం అందే టీచర్లు. వలంటీరు పని జరిగేది ఇలాంటి చోటే. అక్కడ టీచరుకు ఆసరాగా నిలవాలి తప్ప టీచరు కుర్చీలో కూర్చోకూడదు. కింద చెప్పినవన్నీ ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి.

బడిని ఎంచుకోవడం

ముందుగా, అనాథాశ్రమాల జోలికి పోకండి. అలాంటి చోట ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో దగ్గరి బంధువులో ఉంటారు. వలంటీర్లు, చందాలు వస్తున్నకొద్దీ గదులు నింపడానికి పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చే పరిస్థితి వస్తుంది. కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త బాలల ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. పిల్లలు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయే పగటి బడినే ఎంచుకోండి.

ఏజెన్సీ ద్వారా వెళ్తున్నా సరే, ప్రధానోపాధ్యాయులతో నేరుగా వీడియో కాల్ మాట్లాడనిదే డబ్బు కట్టకండి. ఆ కాల్‌లో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. బడి విద్యాశాఖ దగ్గర నమోదైందా? ఆరో గ్రేడు పిల్లలు కేప్సియా పరీక్ష (ప్రాథమిక చదువు ముగిశాక రాసే జాతీయ పరీక్ష) ఏ కేంద్రంలో రాస్తారు? నమోదు కాని బడులు తమ పిల్లల పేర్లను పక్క బడి కేంద్రంలో ఎక్కిస్తాయి కాబట్టి ఈ ఒక్క ప్రశ్నతో చాలా సంగతులు బయటపడతాయి. టీచర్ల జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి, పోయిన నెల అందాయా? పిల్లల రక్షణ నియమాలు కాగితం మీద ఉన్నాయా, ఉంటే పంపగలరా? అన్నిటికన్నా ముఖ్యమైనది, వలంటీరు కావాలని ఎవరు అడిగారు, ఏ పని కోసం? 'వచ్చి పిల్లలతో ఆడుకోండి చాలు' అనేది జవాబైతే అక్కడ మీకు పని లేనట్టే. 'మూడో గ్రేడులో 14 మందికి చదవడం రావట్లేదు, వాళ్లతో కూర్చునే మనిషి కావాలి' అని చెప్పే బడికి వెళ్లండి.

కట్టడం సంగతి కూడా చూసుకోవాలి. 2019 సెప్టెంబరులో నైరోబీలోని డగోరెట్టి ప్రాంతంలో ఒక బడి తరగతి గది కూలి 8 మంది పిల్లలు చనిపోయారు. చెక్క, రేకులతో కట్టిన గది మీద పై అంతస్తు వేసిన కట్టడమది. మీరు వెళ్లే బడికి పై అంతస్తు ఉంటే కింద స్తంభాలు దేనితో కట్టారో అడగండి. ప్రతి గదికీ బయటికి తెరుచుకునే తలుపు ఉందా, కిటికీలకు తెరుచుకోని ఇనుప కమ్మీలు బిగించారా, కరెంటు తీగలు రేకుకు ఆనుకుని ఉన్నాయా అన్నది ఫోన్‌లో వీడియో తీసి చూపించమనండి. తప్పుపట్టడానికి అడుగుతున్నట్టు కాకుండా మర్యాదగా అడిగితే చూపిస్తారు.

కాగితాలు, టీకాలు

కెన్యా 2024 జనవరిలో వీసాలు ఎత్తేసి ఈటీఏ అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి పెట్టింది. పర్యటన పేరుతో తీసుకున్న ఈటీఏ మీద బడిలో పనిచేయకూడదు, జీతం లేకపోయినా అది పనే. తక్కువ కాలానికి స్పెషల్ పాస్, ఎక్కువ కాలానికి స్వచ్ఛంద సేవకు ఇచ్చే క్లాస్ ఐ పర్మిట్ ఉంటాయి. దరఖాస్తు పెట్టాల్సింది మిమ్మల్ని పిలిచే సంస్థ. 'అవన్నీ అక్కర్లేదు, టూరిస్టునని చెప్పి వచ్చేయండి' అన్నారంటే ఆ సంస్థ చట్టబద్ధంగా నడవట్లేదన్నమాట. పట్టుబడితే జరిమానా కట్టి వెనక్కి రావాల్సింది మీరే. పాస్ చేతికి రావడానికి వారాలు పడుతుంది, అందుకని టికెట్ కొనడానికి కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా తీసుకోండి. బడి అడగకపోయినా తీసుకెళ్లి ఇవ్వండి. అడగని బడికి, అడగాలన్న అలవాటు అలాగే మొదలవుతుంది. కెన్యాలో తరగతి బాధ్యత తీసుకునే టీచరు ప్రభుత్వ టీచర్స్ సర్వీస్ కమిషన్‌లో నమోదై ఉండాలి. మీకు ఇక్కడ బీఈడీ ఉన్నా సరే, అక్కడ మీరు సహాయకులే.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. కెన్యా ఆ వ్యాధి ఉన్న దేశం. పసుపు రంగు టీకా పుస్తకం లేకుండా అక్కడి నుంచి తిరిగొస్తే భారత్‌లో విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల వరకు విడిగా ఉంచొచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అలాంటిది, ముందుగా ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో కనుక్కుని వెళ్లండి. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, ధనుర్వాతం టీకాలు కూడా పూర్తి చేసుకోండి. నైరోబీ సముద్ర మట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నగరంలో మలేరియా బెడద తక్కువే. సెలవుల్లో మొంబాసా వైపో విక్టోరియా సరస్సు వైపో వెళ్లేవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన మాత్రలు వాడాలి.

ఎప్పుడు, ఎంతకాలం

కెన్యా బడికి మూడు టర్ములు. జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా ఒకటి, ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మొదటి దాకా ఇంకొకటి, ఆగస్టు చివర నుంచి అక్టోబరు చివర దాకా మూడోది. మొదటి టర్ము మంచిది, ఎందుకంటే కొత్త తరగతుల్లో పిల్లల స్థాయి చూసి గుంపులు చేయడానికి అదే సమయం. మూడో టర్ము చిన్నది, పరీక్షల హడావుడిలోనే గడిచిపోతుంది. ఒక పూర్తి టర్ము ఉండలేనివాళ్లు చదువు చెప్పే పని పెట్టుకోకండి. రెండు మూడు వారాల్లో పిల్లల పేర్లు కూడా పూర్తిగా రావు. అంత తక్కువ సమయముంటే ఖాతాల పుస్తకం సర్దడం, కంప్యూటరులో పిల్లల హాజరు పట్టిక తయారుచేసి టీచరుకు నేర్పడం లాంటి పనులు ఒప్పుకోండి. నైరోబీలోనే ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్లకు ఇందులో పెద్ద సౌలభ్యం ఉంది. సెలవు పెట్టి ఎక్కడి నుంచో వచ్చి మూడు వారాలుండే మనిషికన్నా, ప్రతి శనివారం రెండేళ్లపాటు వచ్చే మనిషి బడికి ఎక్కువ పనికొస్తారు.

కెన్యాలో సార్వత్రిక ఎన్నికలు ఐదేళ్లకోసారి ఆగస్టులో జరుగుతాయి, 2022 తర్వాతివి 2027లో. 2007 చివర్లో, 2017లో ఎన్నికల గొడవలు కిబెరాను గట్టిగా తాకాయి. 2027 జులై నుంచి సెప్టెంబరు దాకా ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది.

వానలు మార్చి నుంచి మే దాకా గట్టిగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొంచెం తక్కువగా పడతాయి. జూన్, జులైల్లో చలి. భూమధ్యరేఖ పక్కనే కదా అని ఉక్కపోతకు సిద్ధమై వచ్చినవాళ్లు రాత్రి 11, 12 డిగ్రీలకు వణుకుతారు. ఒక స్వెటరు, మడమ పైదాకా కప్పే వానకాలపు బూట్లు తప్పనిసరి. బస్తీ సందుల్లో మురుగు కాలువ దారి మధ్యలోనే పారుతుంది. చెప్పులతో నడవలేరు.

దిగాక మొదటి వారం

బస కిబెరాలోనే కాకుండా దగ్గర్లోని ఎంగాంగ్ రోడ్డు వైపు చూసుకుంటే నడకకో మటాటుకో వీలుగా ఉంటుంది. మటాటు అంటే అక్కడి షేర్ వ్యాను. మొదటి వారం బడి మనిషి ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్లాలి, తీసుకొచ్చి దింపాలి. ఏడాది పొడవునా సాయంత్రం ఆరున్నర, ఆరూముప్పావుకల్లా పొద్దు గూకుతుంది. ఐదున్నరకల్లా బస్తీ దాటేయండి. మటాటు కిటికీ పక్కన కూర్చుని ఫోన్ చూడకండి, లాక్కుపోతారు.

పాస్‌పోర్టు చూపించి సఫారీకాం సిమ్ తీసుకుంటే ఎం-పెసా కూడా తెరుస్తారు. 2007లో మొదలైన ఈ ఫోన్ డబ్బుతోనే ఊరంతా నడుస్తుంది, కూరగాయల బుట్ట పెట్టుకున్న ఆవిడకూ అందులోనే కడతారు. ప్లగ్ పాయింట్లు మూడు చదరపు పిన్నులవి, మన చార్జర్లకు అడాప్టర్ కావాలి. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2017 ఆగస్టు నుంచి నిషేధం, పెట్టెలో బట్టలు చుట్టిన కవర్లు ఇంట్లోనే వదిలి రండి.

సమయం విషయంలో జాగ్రత్త. స్వాహిలీలో గంటలు తెల్లవారుజాము నుంచి లెక్కపెడతారు. 'సా మ్బిలి' అంటే రెండో గంట, మన గడియారంలో ఉదయం ఎనిమిది. తల్లిదండ్రుల సమావేశం 'సా టానో'కు అంటే ఐదింటికి కాదు, పదకొండింటికి. ఎవరైనా స్వాహిలీలో సమయం చెబితే ఇంగ్లిషులో ఇంకోసారి అడిగి నిర్ధారించుకోండి.

స్వాహిలీ తెలుగువాళ్లకు నోరు తిరగడం కష్టమేమీ కాదు. రాసినట్టే పలుకుతుంది, పదాలు అచ్చుతో ముగుస్తాయి. తరగతి గదికి ఇవి వస్తే చాలు: కా చీని (కూర్చో), సిమామా (నిలబడు), సికిలిజా (విను), సోమా (చదువు), అండికా (రాయి), టేనా (మళ్లీ), పోలేపోలే (నెమ్మదిగా), విజూరి (బాగుంది), అసాంటే (థాంక్స్). టీచర్లను 'మ్వాలిము' అని గౌరవంగా పిలవండి, వయసులో మీకంటే చిన్నవాళ్లయినా సరే. మిమ్మల్ని పిల్లలు 'ముహిందీ' అంటారు, భారతీయులను అలాగే పిలుస్తారు, తిట్టు కాదు. కెన్యా తొలి రైలు మార్గం కూడా 1890లలో బ్రిటిష్‌వాళ్లు భారత్ నుంచి తీసుకెళ్లిన కూలీల చేత వేయించిందే. ఇప్పుడైతే భారతీయులంటే దుకాణాలు, ఫ్యాక్టరీల యజమానులన్న అభిప్రాయం బలంగా ఉంది. అందుకే మొదటి రోజే ఎవరో ఒకరు తమ పిల్లల ఫీజు కట్టమని అడుగుతారు. 'నేను చదివించడానికి వచ్చాను, డబ్బు సంగతి హెడ్‌టీచరుతో మాట్లాడండి' అని ఒకే మాట, అందరితోనూ, ప్రతిసారీ చెప్పండి.

చదువు పని: స్థాయి చూడటం నుంచి మొదలు

మొదటి వారం వెనక బెంచీలో కూర్చుని చూడండి. చిన్న తరగతుల్లో ఒక్కో పీరియడు 30 నిమిషాలు, నాలుగో గ్రేడు నుంచి 35. టీచరు 'అర్థమైందా?' అని అడగగానే తరగతి అంతా ముక్తకంఠంతో 'యెస్ టీచర్' అంటుంది. మన బడుల్లోలాగే, ఆ కేక విని అర్థమైందనుకోకూడదు.

రెండో వారంలో ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చదివించి చూడాలి. ఇందుకు మన దేశంలో ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామాల్లో చేస్తున్న అసర్ పరీక్ష పద్ధతి ఉంది. దాని నమూనాలోనే కెన్యాలో ఉవేజో పేరుతో 2009 నుంచి ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూస్తున్నారు. ఒక కాగితం మీద పది అక్షరాలు, పది చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఎనిమిది పది వాక్యాల కథ ఉంటే చాలు. ముందు పేరా ఇవ్వండి. మూడు తప్పుల లోపు, విడి విడి మాటల్లా కాకుండా వాక్యంలా చదివితే కథ ఇవ్వండి. చదవలేకపోతే పదాలకు దిగండి. ఐదు పదాల్లో నాలుగు వస్తే ఆ పిల్లవాడు పద స్థాయి. రాకపోతే అక్షరాలు, అవీ ఐదింటిలో నాలుగు. అది కూడా రాకపోతే ఆరంభ స్థాయి. ఇంగ్లిషుకు, స్వాహిలీకి విడిగా చూడండి, ఒకదానిలో కథ చదివే పిల్ల ఇంకోదానిలో అక్షరాల దగ్గరే ఉండొచ్చు. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. 45 మంది తరగతికి రోజుకు తొమ్మిది మంది చొప్పున వారం సరిపోతుంది. ఈ పని టీచరు పక్కన కూర్చుని చేయాలి. ఫలితాల పట్టిక మీరొక్కరే చేసి చేతికిస్తే అది బీరువాలోకి పోతుంది. తన పిల్లల్లో ఎవరు ఎక్కడ ఆగిపోయారో టీచరు తన చెవులతో వింటే మర్నాటి పాఠం మారుతుంది.

తర్వాత వయసుతో, గ్రేడుతో సంబంధం లేకుండా స్థాయిని బట్టి నాలుగు గుంపులు చేయండి. రోజూ ఒకే సమయానికి, ఒక గంట. అన్నిటికన్నా అనుభవమున్న టీచరు అక్షరాలు రాని గుంపును తీసుకోవాలి. సాధారణంగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. వెనకబడ్డవాళ్లను వలంటీరుకు అప్పగించి, టీచరు చురుకైన పిల్లలతో సిలబస్ ముందుకు లాగుతారు. మీరు వెళ్లిపోయిన రోజున ఆ వెనక గుంపు మళ్లీ వెనక బెంచీకే చేరుతుంది. కాబట్టి మొదటే మాట్లాడి ఒప్పించండి. మీరు కథ గుంపును తీసుకోండి, దానికి శిక్షణ తక్కువ ఉన్నా నడుస్తుంది.

స్వాహిలీ గుంపులో పని తొందరగా సాగుతుంది. మ, మే, మి, మో, ము అని మన గుణింతంలా అక్కడా చెప్పిస్తారు, అచ్చు మారని భాష కాబట్టి అదే సరైన దారి. ఇంగ్లిషుకు ఈ పద్ధతి పనికిరాదు. క్యాట్, కేక్, కార్ మూడింటిలోనూ ఒకే అక్షరం మూడు రకాలుగా పలుకుతుంది. ఇంగ్లిషు గుంపులో పదాలను కుటుంబాలుగా (క్యాట్, మ్యాట్, హ్యాట్) ఇచ్చి, ప్రతిరోజూ ఒక చిన్న పేరా అందరూ వేలు పెట్టి చదివేలా చేయండి. పెదవులు కదుపుతూ వేలు వేరే పదం మీద ఉన్న పిల్లలు కంఠతా చెబుతున్నారు, చదవట్లేదు. పేరాను కింది వాక్యం నుంచి మొదలుపెట్టించండి, వెంటనే తెలిసిపోతుంది.

అక్షరాల కార్డులు కొనక్కర్లేదు. ఏ1 సైజు మనీలా షీటు ఒకటి తీసుకుని ఐదుసార్లు సగానికి మడిచి కత్తిరిస్తే 32 కార్డులు వస్తాయి, ఒక్కోటి పోస్టుకార్డంత. 26 అక్షరాలు పోగా ఐదు అచ్చులు రెండోసారి రాసుకోవచ్చు, ఒకటి మిగులుతుంది. రెండు వైపులా వెడల్పు టేపు అంటించండి. టేపు లేని కార్డులు ఆ దుమ్ముకు, చెమ్మకు రెండు వారాలు కూడా ఆగవు. రాసేటప్పుడు చిన్న బడి అక్షరాలతో రాయండి, పెద్ద అక్షరాలతో కాదు. పుస్తకంలో పిల్లలకు కనిపించేవి చిన్నవే. లెక్కలకు సోడా సీసా మూతలు, పదేసి పుల్లల కట్టలు చాలు. మూతలు పది పోగులు పెట్టి పది పదుల నూరు చేతితో చేయించాకే నల్లబల్ల మీదికి వెళ్లండి.

పుస్తకాల విషయంలో తొందరపడకండి. 1990ల్లో పశ్చిమ కెన్యాలోని బుసియా ప్రాంతంలో బడులకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చి చూసిన ప్రసిద్ధ అధ్యయనం ఒకటుంది. తరగతిలో ముందున్న పిల్లలకే మేలు జరిగింది. చాలామందికి మూడో భాష అయిన ఇంగ్లిషులో ఉన్న ఆ పుస్తకాలను మిగతావాళ్లు చదవలేకపోయారు. ఆ అధ్యయనంలో పాలుపంచుకున్న మైఖేల్ క్రేమర్‌కు 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిపి ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది. ముందు చదవడం, తర్వాత పుస్తకాలు. కొన్నప్పుడు కెన్యా పాఠ్యప్రణాళిక సంస్థ ఆమోదించిన జాబితాలోవే కొనండి, ఇండియా నుంచి తెచ్చిన పుస్తకాలు అక్కడి కొత్త సిలబస్‌కు కుదరవు.

నాలుగు వారాలకోసారి మళ్లీ అదే పరీక్ష పెట్టి గుంపులు మార్చండి. కదలని పిల్లలు కనిపిస్తే ముందు చూపు, వినికిడి సంగతి చూడండి. ఆరు మీటర్ల దూరం నుంచి బల్ల మీది అక్షరం చదవమనండి. తర్వాత హాజరు పట్టిక చూడండి. భోజనం ఫీజు కట్టలేదని వారంలో రెండు రోజులు ఇంటికి పంపేస్తుంటే ఏ పద్ధతీ పనిచేయదు.

రేకుల కప్పు మీద వాన మొదలైతే పక్క మనిషి మాట కూడా వినిపించదు. అందుకోసం కాగితం మీద చేసే పని, చూసి రాసేవి, బొమ్మ గీసి పేరు రాసేవి ఎప్పుడూ నాలుగైదు సిద్ధంగా ఉండాలి. ఎండ రోజున మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత గదిలో కాగుతుంది, కష్టమైన పాఠం పొద్దున్నే పెట్టుకోండి.

తిండి, నీళ్లు

చాలామంది పిల్లలకు బడి భోజనమే ఆ రోజు గట్టి తిండి. పొద్దున పదింటికి ఉజి అనే జావ, మధ్యాహ్నం గిథేరి, అంటే మొక్కజొన్న గింజలు, చిక్కుడు గింజలు కలిపి ఉడికించినది. కెన్యా బడి భోజన పథకాల్లో వాడుతూ వచ్చిన కొలత పిల్లకు 150 గ్రాముల ధాన్యం, 40 గ్రాముల పప్పుధాన్యం, 5 గ్రాముల నూనె, 3 గ్రాముల ఉప్పు. వంద మందికి 15 కిలోల మొక్కజొన్న, 4 కిలోల చిక్కుడు గింజలు, అర కిలో నూనె, 300 గ్రాముల అయోడిన్ ఉప్పు. రెండు రకాల గింజలూ రాత్రే నానబెట్టాలి. నానబెట్టకపోతే బొగ్గు దాదాపు రెట్టింపు ఖర్చవుతుంది, చిక్కుడు గింజలు సగం ఉడికి పిల్లలకు కడుపునొప్పి వస్తుంది. బస్తా కొనేటప్పుడు చేయి లోపలికి పెట్టి గింజలు తీసి చూడండి. బూజు పట్టినవి, పచ్చగానో నల్లగానో రంగు మారినవి కనిపిస్తే బస్తా వదిలేయండి. మొక్కజొన్న బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ ఉడికించినా పోదు, కెన్యాలో 2004లో దానివల్ల వందకు పైగా జనం చనిపోయారు. బొగ్గు కుంపటి మూసిన గదిలో పెట్టకూడదు, చలికాలంలో తరగతిలోకి అసలే తేకూడదు.

నీళ్లు 20 లీటర్ల డబ్బాల్లో కొంటారు. పైపులు మురుగు కాలువల్లోంచి వెళ్తాయి కాబట్టి శుభ్రంగా కనిపించినా నమ్మకూడదు. తాగునీళ్ల కోసమే దుకాణాల్లో అమ్మే క్లోరిన్ ద్రావణం 20 లీటర్లకు ఒక మూత, నీళ్లు మసకగా ఉంటే వడగట్టి రెండు మూతలు, కలిపాక 30 నిమిషాలు ఆగాలి. ఈ అరగంట దగ్గరే అన్నీ తప్పుతాయి. దాహంతో ఉన్న పిల్లలు ఆగరు. అందుకని సాయంత్రమే మర్నాటి నీళ్లు కలిపి మూతపెట్టించండి.

చేతులు కడిగే చోటు చేయడం ఒక పూట పని. ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, మూతకు 12 సెంటీమీటర్ల కింద వేడి మేకుతో చిన్న రంధ్రం చేయండి. పిడిలోంచి కర్ర దూర్చి రెండు గుంజల మధ్య వేలాడదీసి, మూతకు తాడు కట్టి కింద తొక్కుడు కర్రకు ముడి వేయండి. కాలితో తొక్కితే డబ్బా వంగి సన్నని ధార వస్తుంది, ఒకరికి 50 మిల్లీలీటర్లు కూడా పట్టదు, చేయి డబ్బాకు తగలదు. కిబెరాలో గుంజ పాతడానికి మట్టి దొరకదు, గోడ చెక్కకు మేకులతో బిగించండి. కింద కంకర పోసిన గుంట లేకపోతే రెండు రోజుల్లో బురద చేరి పిల్లలు అటు వెళ్లడం మానేస్తారు. సబ్బు బిళ్ల మాయమవుతుంది, సబ్బు నీళ్లు సీసాలో పోసి వేలాడదీయండి. రోజూ డబ్బా నింపేది ఎవరో పేరు రాసి పెట్టకపోతే వారంలో ఎండిపోతుంది.

పెద్ద తరగతుల ఆడపిల్లలకు ప్యాడ్లు ఉచితంగా ఇవ్వాలని కెన్యా 2017లో చట్టం చేసింది, అయితే అది ప్రభుత్వ బడులకే. ఏపీబెట్ బడి పిల్లలకు రావు. ఉతికి వాడేవి ఇవ్వడం మంచిదనిపిస్తుంది గానీ, ఒకే గదిలో కుటుంబమంతా ఉండే ఇంట్లో, నీళ్లు కొనుక్కునే చోట, వాటిని ఉతికి ఎండబెట్టడం కుదరదు. అమ్మాయిలను మహిళా టీచరుతో అడిగించి, వాళ్లు కోరుకున్నవే కొనండి. మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ లేకపోతే ముందు అది పెట్టించండి.

పిల్లల రక్షణ

ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండొద్దు. ఒడిలో కూర్చోబెట్టుకోవద్దు. ఫోన్ నంబరు, ఫేస్‌బుక్ ఇవ్వొద్దు, ఇంటికి ఒంటరిగా వెళ్లొద్దు. కెన్యా 2019 డేటా రక్షణ చట్టం ప్రకారం పిల్లల వివరాలు, ఫొటోలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అనుమతి ఉన్నా ముఖం, బడి పేరు, వాడ పేరు మూడూ ఒకేచోట పెట్టకండి, అవి ఉంటే ఆ పిల్ల ఎక్కడుందో ఎవరైనా కనుక్కోగలరు. ఏడుస్తున్న, చిరిగిన బట్టల్లో ఉన్న పిల్లల ఫొటో తీయనే వద్దు.

బెత్తం చట్టవిరుద్ధం, 2013 విద్యాచట్టం స్పష్టంగా చెప్పింది. అయినా చూస్తారు. పిల్లల ఎదుట టీచరును నిలదీస్తే ఆ టీచరు ముఖం చెల్లక మరుసటి రోజు మరింత గట్టిగా కొడతారు. అదే రోజు హెడ్‌టీచరుతో విడిగా మాట్లాడి, తేదీతో రాసి ఇవ్వండి. గాయమైనా, లైంగిక వేధింపు అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా బాలల హెల్ప్‌లైన్ 116కు ఫోన్ చేయండి, ఉచితం. పిల్ల మీతో ఏదైనా చెబితే 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వొద్దు. పిల్ల మాటల్ని అదే మాటల్లో రాసుకోండి, గుచ్చి గుచ్చి అడగకండి. దెబ్బ తగిలి రక్తం వస్తే చేతి తొడుగు వేసుకోనిదే ముట్టుకోవద్దు, ఈ నియమం అందరు పిల్లలకూ ఒకటే. ఎవరికి హెచ్‌ఐవీ ఉందో అడగకూడదు, తెలిసినా పలకకూడదు.

డబ్బు, వస్తువులు, వీడ్కోలు

ఇండియా నుంచి పెట్టెల కొద్దీ పలకలు, పెన్సిళ్లు, బట్టలు మోసుకెళ్లకండి. కొత్త సరుకుకు కస్టమ్స్ సుంకం పడుతుంది, పైగా ఇవన్నీ నైరోబీలో దొరుకుతాయి. యూనిఫాం ఆ వాడలోని దర్జీతో కుట్టించండి, బెంచీలు రోడ్డు పక్కన పనిచేసే జువా కాలి వడ్రంగులతో చేయించండి. చినిగినా విరిగినా బాగుచేసేది వాళ్లే. గోడలకు రంగులు, బొమ్మలు వేయడం వలంటీర్లకు ఇష్టమైన పని. అదే డబ్బుతో ఒక టీచరుకు ఆగిపోయిన జీతం ఇవ్వగలిగితే బడి ఒక టర్ము నిలబడుతుంది.

డబ్బు వ్యక్తి నంబరుకు ఎప్పుడూ పంపకండి. బడి పేరున ఉన్న పేబిల్ (ఎం-పెసాలో సంస్థలకు ఇచ్చే నంబరు) లేదా బ్యాంకు ఖాతాకే పంపండి, తీయడానికి ఇద్దరి సంతకాలు ఉండాలి. ఒక పిల్లను ఎంచుకుని ఫీజు కట్టడం వద్దు. ఆ ఇంటి మీద పొరుగువాళ్ల కన్ను పడుతుంది, పిల్ల మీద తోటివాళ్ల కోపం పడుతుంది. అందరి భోజనానికి ఇవ్వండి, లేదా ఎవరికి మాఫీ చేయాలో బడి కమిటీ తేల్చే నిధికి ఇవ్వండి.

వెళ్లే తేదీ మొదటి రోజే పిల్లలకు చెప్పి, గోడ క్యాలెండరులో గుర్తు పెట్టండి. చివరి మూడు వారాలు మీ గుంపును స్థానిక టీచరో, పదో తరగతి దాటిన వాడ యువతీ యువకుల్లో ఒకరో నడపాలి, మీరు వెనక బెంచీలో ఉండాలి. అప్పుడు బయటపడే లోపాలు సర్దడానికి ఇంకా సమయముంటుంది. కార్డులు, కథల కాగితాలు, స్థాయి పట్టికలు ఒక పెట్టెలో పెట్టి ఏది ఎప్పుడు వాడాలో ఒకే పేజీలో రాయండి, హెడ్‌టీచరుతో చదివించి వాళ్ల మాటల్లో తిరగరాయించండి. 'మళ్లీ వస్తా' అని టికెట్ చేతిలో లేకుండా అనకండి. తిరిగొచ్చాక ఉత్తరాలు, ఫొటోలు బడి చిరునామాకే పంపండి. డబ్బు పంపదలిస్తే టర్ము మొదలవడానికి రెండు వారాల ముందు పంపండి, ఫీజు బాకీ కింద పిల్లల్ని ఇంటికి పంపేది ఆ మొదటి వారాల్లోనే.